కంటికి నచ్చును, కడుపునకు పడదు

మా చిత్తూరు సీమలో "నాకు బస్సు పడదు" అను మాటకు వ్యాఖ్యానము అక్కఱలేదు. వంకాయ పడనివారును, చన్నీళ్ళు పడనివారును లోకమున ఉన్నట్లే బస్సు పడనివారును ఉన్నారు. పలమనేరు నుండియో పుంగనూరు నుండియో తిరుపతిలో పెండ్లికి బయలుదేఱిన బంధుబృందమున అట్టివారు ఒకరిద్దఱైనను లేకపోరు. వారి కొఱకు కిటికీ ప్రక్కచోటును, ఒక నిమ్మకాయను, ఒక ప్లాస్టిక్ కవరును ముందుగానే సమకూర్చి యుంచుట ఇంటి పెద్దలకు అలవాటైన మర్యాద. మొగిలి ఘాటు దిగునప్పుడో, భాకరాపేట కనుమ మలుపులలోనో ఆ కవరుతో పనిపడినయెడల ప్రక్కవారు ముఖము త్రిప్పుకొందురే గాని తప్పుపట్టరు. పడనిది పడదు, అందు పడనివాని దోషమేమియు లేదని మావారి ధర్మశాస్త్రము.

ఈ పడకపోవుటకు మహాక్షేత్రము తిరుమల దారి. 1944లో మొదటి ఘాటు రోడ్డు ఏర్పడువఱకు కొండ యెక్కదలచిన భక్తునకు తన కాళ్ళో, డోలీ మోయువారి కాళ్ళో తప్ప వేఱు శరణ్యము లేకుండెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నిర్దేశించిన మార్గమున ఆ రోడ్డు పడిన పిమ్మట మోటారుబండ్లు సప్తగిరుల నెక్కసాగినవి. 1974లో రెండవ దారి వచ్చిన తరువాత ఎక్కు బండ్లు క్రొత్తదారిని, దిగు బండ్లు పాతదారిని పోవుచున్నవి. ఆ పాతదారి నిడివి సుమారు 19 కిలోమీటర్లు. వచ్చిన వైపునకే తిరిగి చూచునట్లు మెలికపడిన మలుపులు అందు 36. దర్శనానందము కన్నులలోను, లడ్డూ పొట్లము ఒడిలోను, గోవిందనామము నోటను ఉండగానే, పదవ మలుపు దాటునప్పటికి కొందఱి మొగములు పాలిపోవుటయు, పెదవులు బిగిసికొనుటయు, నుదుట చిఱుచెమట పోయుటయు ఆ దారిని దిగిన ప్రతివాడును చూచినదే. అయితే అదే బస్సులో, అవే మలుపులలో, నిత్యము ఎక్కి దిగు డ్రైవరు సీటు విడిచి కిటికీకి పరుగెత్తుట ఎవ్వరును చూడలేదు. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి పోవువాడును ఆయాసపడును, మోకాళ్ళు పట్టుకొని కూలబడును గాని, వాని కడుపులో దేవదు. డ్రైవరునకును, మెట్లదారి భక్తునకును ఈ మినహాయింపు ఎట్లు దొరకినదను రెండు ప్రశ్నలను పాఠకులు మఱువక యుందురు గాక. ఇకమీద చెప్పబోవు క్రొత్తవింతకు తాళపుచెవి అవియే.

ఈ వేసవిలో మా మనుమడు బెంగళూరు నుండి వచ్చుచు ఒక వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్టును వెంట తెచ్చినాడు. మోటారుసైకిలు హెల్మెట్టుకంటె చిన్నదై, కన్నులకు గంతలు కట్టినట్లు మొగమునకు బిగియు పెట్టె యది. లోపల ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చిత్రము కనబడును. తల యెటు త్రిప్పిన అటు దృశ్యమును తిరుగును. "తాతా, రోలర్ కోస్టర్ ఎక్కుతావా?" అని వాడడుగగా, గంగజాతరలో రంకులరాట్నమెక్కిన అనుభవము కలవాడను కదా యను ధీమాతో నేను తలయూపితిని. చెక్కకుర్చీలో కూర్చుండి ఆ పెట్టెను తగిలించుకొన్న మఱుక్షణమున మా వసారా మాయమైనది; నా క్రింద పట్టాలు పుట్టినవి; బండి నిట్టనిలువుగా ఎక్కి, శిఖరమున ఒక్క లిప్తకాలము నిలిచి, అగాధములోనికి జాఱినది. నా చేతులు కుర్చీని గట్టిగా పట్టుకొన్నవి. పాదములు లేని బ్రేకును నేలపై వెదకినవి. రెండవ మలుపునకు నోట నీరూరెను. మూడవ మలుపునకు వెన్నున చల్లని చెమట పట్టెను. నాలుగవ మలుపు రాకుండనే ఆ పెట్టెను ఊడదీసి మనుమని చేతిలో పెట్టి, గడప పట్టుకొని నిలుచుంటిని. అప్పుడే వంటింటి నుండి వచ్చిన కాఫీ వాసన, నా కెన్నడును విరోధి కానిది, ఆ దినము విషమైనది. నిమ్మకాయ లేనిదే బస్సెక్కని మా అక్క ఆ నిమ్మకాయనే నా చేతికిచ్చుచు, "ఏందిరా తమ్ముడా, కూర్చున్న కుర్చీ గూడా పడకుండా పోయిందా నీకు?" అన్నది.

ఇంటిల్లిపాదియు నవ్విరి; నేనును నవ్వబోయి, డోకు వచ్చునేమోయని మానుకొంటిని. కాని ఆ పరిహాసములో ఒక శాస్త్రప్రశ్న ఇమిడి యున్నది. బస్సు కుదిపినది కనుక కడుపు కదలినదని చెప్పవచ్చును. కుదుపు లేని ఇంట, కదలని కుర్చీలో కూర్చున్నవాని కడుపు ఏల త్రిప్పవలెను?

సమాధానము చెవిలో ఉన్నది. చెవి వినుటకే యని మన మనుకొందుము. కాని కర్ణభేరికి ఆవల, కపాలాస్థి లోతున నక్కిన లోచెవిలో వినికిడితో నిమిత్తము లేని మఱియొక యంత్రము కలదు. అందు ముందుగా చెప్పదగినవి మూడు అర్ధవర్తుల కుల్యలు. గదిమూలలో రెండు గోడలును నేలయు కలిసికొన్నట్లు అవి మూడును మూడు దిక్కులకు నిలిచి యుండును. వాని నిండ ద్రవము. ప్రతి కుల్యయందును దారి కడ్డముగా ఒక జిగురుతెర. నీటిబిందెను చటుక్కున త్రిప్పినచో లోని నీరు తక్షణమే తిరుగనట్లు, తల తిరిగినప్పుడు కుల్య తలతోడనే తిరుగును గాని లోపలి ద్రవము కొంత వెనుకబడును. ఆ వెనుకబాటు తెరను వంచును. ఆ వంపు నాడీసంకేతమై మెదడునకు పోవును. ఈ కుల్యల చెంతనే రెండు చిన్న సంచులు కలవు. వానిలో జిగురుపొరపై సున్నపురాతి జాతికి చెందిన కాల్షియం కార్బొనేటు రవలు పఱచుకొని యుండును. బస్సు ముందుకు దూకినను, లిఫ్టు పైకి లేచినను, తల ప్రక్కకు వాలినను ఆ రవలు ఇంచుక జాఱి తమ క్రిందనున్న సన్నని రోమములను వంచును. కన్నులు మూసికొన్నవాడు సైతము బండి కదలినదా నిలిచినదా చెప్పగలుగుట ప్రధానముగా ఈ రవల చలవయే.

ఈ యంత్రమున కొక లోపము కలదు. అది మన ఆడపిల్ల లందఱికిని ఎఱుకయే. ఒప్పులకుప్ప ఆడునప్పుడు ఒకరి చేతులొకరు పట్టుకొని గిరగిర తిరిగి, చటుక్కున ఆగినపుడు లోకమంతయు తమచుట్టును తిరుగుచున్నదని కేకలు వేయుచు కూలబడుదురు. ఒకే వేగమున కొంతసేపు తిరుగగా కుల్యలోని ద్రవమును కుల్యవేగము నందుకొనును. పిల్ల ఆగినను ద్రవము ఆగక ముందుకే సాగి తెరను ఎదురువైపునకు వంచును. కాళ్ళు ఆగితిమనుచుండగా చెవి తిరుగుచున్నామనును. ఆ ఆటలో నవ్వు తెప్పించు ఆ తగవే ఘాటు రోడ్డులో కన్నీరు తెప్పించును.

మెదడును ఒక పాతకాలపు షావుకారుగా ఊహించుకొన్నచో ఈ తగవు తేటపడును. ఆయన కొట్టులో ముగ్గురు గుమాస్తాలు మూడు చిట్టాలు వ్రాయుచుందురు: కన్ను ఒకటి, లోచెవి ఒకటి, కాళ్ళును మెడయు వెన్నును కలిసి ఒకటి. మూడు చిట్టాలును సరిపోయినంతకాలము షావుకారు నిశ్చింతగా తాంబూలము నములుచుండును. ఘాటు బస్సులో తల వంచుకొని సెల్‌ఫోను చూచువాని సంగతి తీసికొనుడు. ఫోను కదలదు, ముందటి సీటు వీపు కదలదు. కనుక కన్ను "చలనము లేదు" అని వ్రాయును. లోచెవి మాత్రము ప్రతి మలుపును లెక్కకు ఎక్కించును. హెడ్‌సెట్టులో దీనికి సరిగా విపర్యయము: పట్టాలపై దూకితిమని కన్ను వ్రాయును, అట్టిదేమియు జరుగలేదని చెవియు, కుర్చీలో ఒరగిన వెన్నును వ్రాయును. బస్సులో చెవి ఔనన్నదానిని కన్ను కాదన్నది. పెట్టెలో కన్ను ఔనన్నదానిని చెవి కాదన్నది. పేచీ యొక్కటే, వాది ప్రతివాదులు తారుమారైరి. అందుచేత మా అక్క వేసిన ప్రశ్న తప్పు కాదు: నాకు కుర్చీయే పడలేదు, కుర్చీ కదలకపోవుటయే పడలేదు.

ఇంద్రియముల నడుమ ఈ వైరుద్ధ్యమే గమనవికారమునకు మూలమను సిద్ధాంతమును జేమ్స్ రీజన్, బ్రాండ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు 1975లో ఒక గ్రంథముగా వెలువరించిరి. వికారము పుట్టకమునుపే శరీరము నిలకడ తప్పి ఊగులాడుననియు, ఆ నిలకడలేమియే అసలు కారణమనియు 1991లో రిచియో, స్టాఫ్రెగెన్ అనువారు వేఱొక వాదమును ముందునకు తెచ్చిరి. పండితుల తగవు ఇంకను తీఱలేదు గాని, వైద్యులును హెడ్‌సెట్టు చేయువారును ఎక్కువగా నమ్ముకొని పనిచేయుచున్నది మొదటిదానినే.

కన్ను ఒంటరిగా ఇంత పెద్ద అబద్ధమును ఆడగలదా యని సందేహించువారు రేణిగుంట జంక్షనునకు పోయి చూడవచ్చును. మనము కూర్చున్న రైలు నిలిచియే యుండును. ప్రక్కపట్టాలపై నిలిచిన రైలు మెల్లగా కదలును. కిటికీ నిండుగా ఆ పెట్టెలు జాఱిపోవుచుండ, మన రైలే బయలుదేఱినదని ఒడలంతయు నమ్మును. ఆవలి రైలు కడపటి పెట్టె పోయి ప్లాట్‌ఫారము కనబడిన పిదప గాని, టీ అమ్మువాడు నిలిచినచోటనే నిలిచి యున్నాడని గ్రహింపము. చలనానుభూతిపై 1875లోనే గ్రంథము వ్రాసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ ఇట్టి భ్రమలను శ్రద్ధతో పరిశీలించినవాడు. ఈ భ్రమకు కిటికీ నిండవలెను. చూపు అంచులలో ఏది కదలినను మనమే కదలుచున్నామని కన్ను తలంచును. సినిమాహాలులో వెనుకవరుసవానికి, చేతిలో ఫోను చూచువానికి తెర చుట్టును కదలని లోకము కనబడుచుండును. హెడ్‌సెట్టు ఆ కదలని లోకమునే మూసివేయును.

చెవి సాక్ష్యము లేకున్నచో పేచీయే లేదని చూపిన ఉదంత మొకటి అమెరికాలో జరిగినది. 1950వ దశకపు చివరి యేండ్లలో అక్కడి నౌకాదళ వైద్యులును, నాసా సంస్థయు బధిరుల విద్యకు ప్రసిద్ధమైన గలాడెట్ కళాశాల నుండి 11 మంది పురుషులను తమ పరిశోధనలకు ఎన్నుకొన్నారు. వారిలో ఒకరు తప్ప అందఱును బాల్యమున మెనింజైటిస్ జ్వరముచే వినికిడితోపాటు లోచెవి తూకమును కోల్పోయినవారు. నోవా స్కోషియా తీరమున అల్లకల్లోలమైన సముద్రముపై వారిని పడవలో తీసికొనిపోయి పరీక్షింపబూనగా, ఆ పదకొండుగురును హాయిగా పేకాట ఆడుకొనుచు కూర్చుండిరి. పరీక్షింపవచ్చిన శాస్త్రజ్ఞులు మాత్రము వాంతులతో అలమటించి, ప్రయోగమును మధ్యలోనే విరమించుకొని వెనుకకు మరలిరి. ఒక గుమాస్తా నోరు మూసినచోట చిట్టాల తేడా లేదు. తేడా లేనిచోట షావుకారునకు కోపము లేదు.

సరే, లెక్క తప్పినచో తలనొప్పి రావచ్చును, కన్నులు తిరుగవచ్చును. నడుమ కడుపేమి చేసినది? 1977లో ట్రీస్మన్ అను శాస్త్రజ్ఞుడు దీనికొక ఊహను ప్రతిపాదించినాడు. మోటారుబండ్లును పడవలును లేని ఆదిమకాలమున కన్నునకును చెవికిని పొందిక చెడుట సాధారణముగా ఒక్క సందర్భముననే సంభవించెడిది: మనుష్యుడు విషపదార్థమేదో తిన్నప్పుడు. మన పొలముల గట్లపై తెల్లనిపూలు పూయు ఉమ్మెత్తను తిన్నవానికి చూపు చెదరుట, అడుగు తడబడుట, లేనివి కనబడుట మన పెద్దలెఱిగినదే. కనుక ఇంద్రియముల లెక్క తప్పగానే, విచారణ కాగుచుండక ముందుగా కడుపు ఖాళీ చేయుమని మెదడు ఆజ్ఞాపించుట ఆనాడు ప్రాణరక్షకమైన వివేకము. ఇది ఊహయే గాని నిశ్చితము కాదు. ఇందొక విచిత్రము కలదు: ఆ ఉమ్మెత్తలోనే యుండు స్కోపొలమిన్ అను ద్రవ్యము, వైద్యుడు కొలిచి యిచ్చినంత మాత్రమున, గమనవికారమునకు దొడ్డమందు. కొలత తెలియక గట్టుమీది మొక్కను నమ్ముకొన్నవానికి మాత్రము ప్రయాణము అక్కడితో ముగియును.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నలకు మరలుదము. డ్రైవరున కేల పడును? షావుకారు చిట్టాలను ఒకదానితో నొకటి సరిచూచుటయే కాదు. ఇంతకుముందటి అనుభవముతో తాను స్వయముగా వ్రాసికొన్న ఆవర్జాతోను సరిచూచును. స్టీరింగు త్రిప్పబోవు డ్రైవరు మెదడు, మలుపు రాకముందే, ఈ క్షణమున కుడికి ఇంత ఒరుగుదునని లెక్క వ్రాసికొనును. చెవి తెచ్చిన లెక్క దానితో సరిపోవును. ఈసారి తిరుమల దిగునప్పుడు గమనించి చూడుడు: మలుపులో డ్రైవరు తల మలుపు లోపలికి వాలును, ప్రయాణికుల తలలన్నియు వెలుపలికి వాలును. వాడు మలుపును చేయుచున్నాడు. వీరికి మలుపు జరుగుచున్నది. ఇక మెట్లదారి భక్తుడో, తన కాలు తానే యెత్తి తానే మోపువాడు. వాని మూడు చిట్టాలును అడుగడుగునకు సరిపోవును. శరీరమునకు అలవాటైన అడుగుల ఊపునకును, వాహనపు మందమైన ఊపునకును కూడ భేదము కలదు: అన్నిటిలోను వికారకరమైన ఊపు సుమారు ఐదు సెకండ్ల కొకమాఱు వచ్చునదియే యని పరీక్షలలో తేలినది. పెద్ద ఓడ ఊగునది సుమారుగా అట్టి లయలోనే.

చిట్టాల కంటె ఆవర్జా బలవత్తరమని చాటు నిదర్శన మొకటి హెడ్‌సెట్టులు పుట్టకమునుపే దొరకినది. 1957లో అమెరికా నౌకాదళమువారి హెలికాప్టరు శిక్షణయంత్రమున, నేలను వీడకుండనే, తెరపై దృశ్యము చూచుచు బండి నడుపువారికి వికారము కలుగుచున్నదని వెల్లడియైనది. అందును క్రొత్తగా నేర్చుకొనువారికంటె ఆఱితేఱిన శిక్షకులకే అది హెచ్చుగా కలిగినది. నిజమైన ఆకాశములో ఏ దృశ్యమునకు ఏ కుదుపు రావలెనో వారికి కంఠస్థము. దృశ్యము వచ్చి కుదుపు రాకపోగా వారి లెక్కయే ఎక్కువ తప్పినది.

హెడ్‌సెట్టు వంశచరిత్ర పెద్దది కాదు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ నిర్మించిన తొలి తలపెట్టె పైకప్పునుండి వ్రేలాడదీయవలసినంత బరువైనది. 2014లో గూగుల్ సంస్థ అట్టముక్కతో చేసిన పెట్టెలో సెల్‌ఫోనునే దూర్చి చూచు ఉపాయమును తెచ్చెను. 2016లో ఆక్యులస్, హెచ్‌టీసీ, సోనీ సంస్థలవి ఇండ్లలోనికి వచ్చినవి. ఈ అర్ధశతాబ్దిలో తరిగిన బరువుకంటె తరిగిన ఆలస్యమే ముఖ్యము. తల తిరిగిన క్షణమునకును, దృశ్యము తిరిగిన క్షణమునకును నడుమ 20 మిల్లీసెకండ్లకు మించి వ్యవధి యుండరాదని పెట్టెలు చేయువారి నియమము. అది ఱెప్పపాటులో ఐదవ వంతైనను కాదు. అంతకు మించినచో లోకము తలకు కట్టిన దూడవలె వెనుకవెనుక ఈడ్చుకొని వచ్చుచున్నట్లు తోచి వికారమునకు దారితీయును. అందుకే మంచి పెట్టెలలో చిత్రము సెకండునకు 90 మార్లు మాఱునట్లు ఏర్పాటు చేయుదురు. సెల్‌ఫోను దూర్చు చవుకపెట్టెలకు మఱియొక లోటు కలదు: తల త్రిప్పినచో వానికి తెలియును గాని, తల ముందుకు చాచినచో తెలియదు, మనము పూవు దగ్గఱకు వంగుదుము, పూవు ఉన్న దూరముననే ఉండును. కన్నుల నడుమ దూరము మనుష్యునకు మనుష్యునకు వేఱు, సగటున సుమారు 63 మిల్లీమీటర్లు. పెట్టెలోని కటకములు ఆ దూరమునకు అమరనిచో కన్ను లాగినట్లగును. స్త్రీలలో పెక్కుమందికి ఆ దూరము తక్కువ. వారికి ఈ వికారము హెచ్చగుటకు ఒక కారణము పెట్టె వారి కన్నులకు అమరకపోవుటయే యని 2020లో ప్రకటితమైన పరిశోధన యొకటి తేల్చినది. పెట్టె కుదురని దోషమును ముఖమునకు అంటగట్టుట న్యాయము కాదు గదా!

ఎంత శ్రేష్ఠమైన పెట్టెయైనను ఒక్కపని చేయలేదు: కుర్చీలో కూర్చున్నవాని చెవిలోని ద్రవమును కదలింపలేదు. కనుక నిర్మాతలు దృశ్యమునే అదుపులో పెట్టుకొనుచున్నారు. దూరము పోవలసివచ్చినప్పుడు నడిపింపక, ఒక్క ఱెప్పపాటున ఇక్కడినుండి అక్కడికి దాటింతురు. వేగము హెచ్చినచోట చూపు అంచులను నల్లని తెరతో మూసి, రేణిగుంట కిటికీని చిన్నది చేయుదురు.

ఈ తగవునకు భూమిపైనే కాదు, ఆకాశమునను తావు కలదు. ఆ తావునకు పోవు దారి మా సీమనుండియే మొదలగును. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన నాటినుండి శ్రీహరికోట రాకెట్టు కేంద్రము తిరుపతి జిల్లాలోనిది. భారరహితస్థితిలో లోచెవి రవలకు క్రిందు మీదు తెలియవు. కన్ను మాత్రము ఇది నేల, ఇది కప్పు అని చూపుచుండును. 1961 ఆగస్టులో రోదసిలో ఒక దినమునకు పైగా భూమిని చుట్టివచ్చిన సోవియట్ వ్యోమగామి గెర్మన్ టీటోవ్ ఈ వికారము ననుభవించిన మొదటి మనుష్యుడు. అప్పటినుండి రోదసికి పోయినవారిలో సగమునకు పైబడి మొదటి రెండు మూడు దినములు ఈ బాధ పడినవారే. 1984లో సాల్యూట్-7పై మన రాకేశ్ శర్మ యోగాసనములు వేసినది రోదసివాసపు బాధలకు అవి మేలుచేయునేమో పరీక్షించుటకే. నిప్పులు క్రక్కు రాకెట్టునెక్కు ధీరులును ఈ విషయమున మా పలమనేరు బస్సు ప్రయాణికుల కులమువారే.

ఇక ఉపశమనము. అక్కలును అవ్వలును చెప్పు ఘాటురోడ్డు సూత్రములు ఈ పెట్టెకును చాలవఱకు సరిపోవుట నాకు ఆశ్చర్యము గొలిపినది. ముందుసీటులో కూర్చుండి దారి చూడుమందురు. అనగా కన్ను లెక్కను చెవి లెక్కతో కలుపుమనుట. పెట్టెలో దీనికి సమానము, తన కదలికను తానే నడపు దృశ్యములను ఎన్నుకొనుట. కిటికీ తెఱవుమందురు, పెట్టె పెట్టుకొన్నవానికి ఫ్యానుగాలి తగిలినచో కొంత ఊఱట కలుగును. కడుపునిండ తిని బయలుదేఱవద్దందురు, ఇదియు సరియే. అల్లము మేలుచేయునని కొన్ని పరీక్షలలో కనబడినది. ప్రొమెథజిన్ జాతి మాత్రలు ప్రయాణమునకు ముందు వేసికొనుట మనవారికి వాడుకయే. అవి నిద్రమత్తు నిచ్చును గనుక వైద్యుని అడుగక, అందును పిల్లలకు, వేయరాదు. ఆటకొఱకు మందు మ్రింగుట కంటె ఆట మానుట మేలు. రెండేండ్లలోపు పసివారికి ఈ వికారము అరుదు. ఆఱు మొదలు పండ్రెండేండ్ల ప్రాయమున హెచ్చు. పార్శ్వపు తలనొప్పి కలవారికి మఱింత హెచ్చు.

ఒక్కచోట మాత్రము పాతసూత్రమును సవరింపవలసి యున్నది. బస్సులో దిగుటకు వీలులేదు గనుక "ఓర్చుకో, ఇంకెంతసేపు" అందురు. పెట్టెకు ఆ నిర్బంధము లేదు. నోట నీరూరిన తొలిక్షణముననే దానిని తీసివేయవలెను. మొదట ఐదు నిమిషములు, కొన్నాళ్ళకు పది నిమిషములు, ఇట్లు కొంచెముకొంచెముగా పెంచినచో మెదడు క్రొత్త ఆవర్జా వ్రాసికొనును. పెక్కుమందికి కొన్ని దినములలో పడును. పంతము పట్టి వాంతివఱకు ఓర్చుకొన్నవానికి పెట్టెను చూచుటతోడనే కడుపులో దేవు అలవాటు పడును. ఒకమాఱు వాంతియైన బస్సు రంగు చూచినను కొందఱికి డోకు వచ్చునట్లు. తీసిన తరువాత కూడ కొంతసేపు తూకము కుదురదు; వెంటనే మోటారుసైకిలెక్కుట ప్రమాదకరము.

మఱునాటి సాయంకాలము మా మనుమడు ఈ సంగతులన్నియు నా వలన విని, వసారాలోని బల్లలు ప్రక్కకు జరిపి, "అవ్వా, నువ్వు చూడు" అని మా అక్కను పిలిచినాడు. ఆమె మొదట ఒప్పుకొనలేదు. నిమ్మకాయను పిడికిట పట్టుకొని గాని పెట్టెను తగిలించుకొనలేదు. వాడు ఆమెకు రోలర్ కోస్టర్ చూపలేదు; ఒక తోటను చూపినాడు. ఆ తోట తానుగా కదలదు; ఆమె అడుగు వేసినంతమేరనే అది అడుగు జరుగును; ఆమె వంగిన పూవు దగ్గఱగును. మోకాళ్ళనొప్పి మనిషి కనుక మెల్లగా, వసారా ఆ కొసనుండి ఈ కొసకు, మరల ఆ కొసకు నడచినది. ఒకచోట లేని కొమ్మకు తల తగులునని వంగినది. మేము ఊపిరి బిగబట్టి చూచుచుంటిమి. పది నిమిషములైన తరువాత పెట్టె తీసి, జుట్టు సవరించుకొని, నావైపు తిరిగి, "ఇది మెట్లదావ మాదిరుందిరా, బస్సు మాదిరి లేదు" అన్నది.

రీజన్, బ్రాండ్ పండితుల గ్రంథమును నేను వారము దినములు చదివి తెలిసికొన్న సంగతి అది. నిమ్మకాయ ఇంకను ఆమె పిడికిటనే యున్నది. వాసన చూడవలసిన అవసరము రాలేదు.